పరకబండి

ఆకులు కాలే వాసన మా లేఅవుట్‌లో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. వేపాకు పొగ గొంతులో చేదుగా దిగుతుంది. నిద్రగన్నేరు ఆకు పొగ మొదట తియ్యగా ఉండి, కాయలు అంటుకున్నాక మాడిన బెల్లం వాసన వేస్తుంది. ఈ తేడా నేను ముక్కుతో నేర్చుకున్నది కాదు, నా భార్య దగ్గు విని నేర్చుకున్నాను. వేపాకు పొగకు ఆమె పొడిదగ్గు దగ్గుతుంది. నిద్రగన్నేరు పొగకు దగ్గదు. దగ్గడానికి కావలసిన గాలి కూడా లోపల ఉండదు.

మా ఇల్లు తిరుపతి ఊరి చివర, కొండ బాగా కనబడే లేఅవుట్‌లో ఉంది. మధ్యలో పచ్చిక, చుట్టూ ఇళ్ళు. పచ్చికకు ఎదురుగా ఉన్న ఇల్లే కావాలని పట్టుబట్టింది ఆమే. ఆయాసం మనిషికి పచ్చగాలి మంచిదని ఆమె ఆశ. ఆ పచ్చికలో ఒక వేపచెట్టు, రెండు నిద్రగన్నేరు చెట్లు ఉన్నాయి. మాఘమాసంలో మొదలైన ఆకు ఉగాది దాటేదాకా రాలుతూనే ఉంటుంది. వాచ్‌మన్ ఆ ఆకునంతా ఊడ్చి, మా గేటుకు ఎదురుగా ఉన్న మూలలో కుప్ప పోసి, సాయంత్రం అగ్గిపుల్ల గీసేవాడు. ఆ కుప్ప మర్నాడంతా రాజుకుంటూనే ఉండేది.

ఆ మూలే ఎందుకని అసోసియేషన్ మీటింగులో అడిగాను. అధ్యక్షుడికి బస్టాండు దగ్గర లాడ్జీ ఉంది. వచ్చే వాళ్ళకు గది ఉందనీ లేదనీ చెప్పే అలవాటు కాబట్టి అందరితోనూ అదే గొంతుతో మాట్లాడతాడు.

"గాలి ఆ పక్కకి పోతాదప్పా. మిగిలిన ఇండ్లకి ఇబ్బంది లేదు," అన్నాడు.

"మా ఇంటికి ఉంది," అన్నాను.

"పొగ పెడితే దోమలు పోతాయి. అందురికీ మంచిదే గదా. మీ ఇంట్లో ఒకరికి పడలేదని ఇంతమందీ దోమలతో సావాల్నా?"

"ఆమెకు ఊపిరి ఆడదు."

"అంత సున్నితమైన ప్రాణమైతే ఆస్పత్రి పక్కన తీసుకోవాల్సింది ఇల్లు."

నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. మూలింటాయన కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, అది అడ్డం పెట్టుకుని నవ్వాడు. మెడికల్ షాపు ఆయన, నాకు నా భార్య మందులు అమ్మే మనిషే, తల దించుకుని నవ్వాడు. ఆ రోజు నుంచి మందులు వేరే వీధిలో కొంటున్నాను. అధ్యక్షుడి గృహప్రవేశానికి మమ్మల్ని మూడో పంక్తిలో కూర్చోబెట్టినప్పుడే నేను ఈ మనుషుల సంగతి గ్రహించి ఉండాల్సింది. ఆ రోజు వడలు అయిపోయాయి.

నా ఉద్యోగం శ్రీ సిటీలో, ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో. కంపెనీ బస్సు తెల్లవారుతుండగా ఎక్కితే మళ్ళీ దిగేది పొద్దు గూకే వేళకి. అంటే ఆమె పొగలో ఉన్న రోజంతా నేను రెండు గంటల దూరంలో బోల్టులూ బేరింగులూ లెక్కపెడుతూ ఉంటాను. ఫోను మోగితే ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. అవతలి నుంచి మాట వచ్చేది కాదు. ఈల వేసినట్టు ఊపిరి వచ్చేది. ఆమె ఏమీ అడగడానికి చేసేది కాదు. నేను ఉన్నానని తెలియడానికి చేసేది. నేను ఉన్నాను, ఉన్నాను అంటూ ఉండేవాణ్ణి. పక్క సీటువాడు కంప్యూటరు వైపు తిరిగి పని చేస్తున్నట్టు కూర్చునేవాడు.

ఆ ఫ్యాక్టరీ ముందర అతిథుల కోసం ఒక పెద్ద పచ్చిక ఉంది. దాన్ని ఊడ్చడానికి ఒక బండి ఉండేది. రెండు చక్రాలు, మధ్యలో గుండ్రంగా తిరిగే గట్టి బ్రష్షులు, వెనకాల గుడ్డ సంచి. కరెంటు లేదు, పెట్రోలు లేదు. నెట్టుకుంటూ పోతే చక్రాలతో పాటు బ్రష్షులు తిరిగి, ఆకును పైకి ఎగరేసి సంచిలో పడేస్తాయి. గడ్డికి దెబ్బ తగలదు. దుమ్ము లేవదు. మనిషి వంగనక్కర్లేదు. కొత్తగా మోటారు బండి తెచ్చాక ఈ పాతదాన్ని స్క్రాపు గదిలో పడేశారు. నేను మేనేజరును అడిగి తెచ్చుకున్నాను. ఆకు నేలమీద లేకపోతే కాల్చడానికేముంటుంది? ఎవరినీ బతిమాలే పని ఉండదు. మీటింగులో నోరు విప్పే పని ఉండదు. అంతే నా ఆలోచన.

బస్సులో వెనక సీట్ల దగ్గర దాన్ని నిలబెట్టేసరికి అందరికీ కాలక్షేపం దొరికింది.

"ఏందప్పా అది? ఉయ్యాలా?"

"కాదబ్బా, పెండ్లాన్ని కూసోబెట్టి ఊరేగించేదానికి రథం!"

"అదేం కాదు. రిటైరైనాక మున్సిపాలిటీలో చేరతాడంట. ఇప్పటినించే సామాను జమ చేస్తా ఉండాడు."

మూడోది అన్నవాడికి అంతకు ముందు నెల నేను గ్లవ్స్ ఇవ్వలేదు, రూలు ప్రకారం. అందుకే అన్నాడు.

ఇంటికి తెచ్చిన మరుసటి ఆదివారం ఉదయం పచ్చికలోకి దింపాను. నా భార్య వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదటి వరుసలో బ్రష్షులు మరీ కిందికి ఉండి గడ్డిని పట్టేసుకుని చక్రాలు జారాయి. పక్కనున్న పిడి తిప్పి పైకి లేపాను. రెండో వరుసకు సర్రుమని చప్పుడు చేస్తూ ఆకంతా సంచిలోకి దూకింది. వెనక్కి తిరిగి చూస్తే నేను నడిచిన మేర దువ్విన జుట్టులో పాపిడిలా పచ్చగా కనిపించింది. ఆమె నవ్వింది. ఆయాసం లేకుండా ఆమె నవ్వి చాలా రోజులైంది.

"ఏం పేరు దీనికి?" అంది.

"లాన్ స్వీపర్ అంటారు ఫ్యాక్టరీలో."

"ఆ పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? పరకబండి అంటే సరిపోదా?"

మా వైపు చీపురును పరక అంటాం. ఆ మాట బాగుందనిపించింది. గేటు దగ్గర నిలబడి చూస్తున్న పక్కింటావిడకు కూడా ఆమె ఆ పేరే చెప్పింది. మధ్యాహ్నానికి లేఅవుట్ అంతా అదే పేరు. ఆ మాటే మమ్మల్ని ముంచుతుందని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి, బ్యాగు వరండాలో పెట్టి, బట్టలైనా మార్చకుండా బండి తీసుకుని పచ్చికలోకి పోయాను. అప్పుడే ఇళ్ళల్లో దీపాలు పెడుతున్నారు. అధ్యక్షుడి తల్లి సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది. ముసలావిడ. మా ఆవిడంటే ప్రేమ. ఆయాసం ఎక్కువైన రోజుల్లో మిరియాల చారు పంపేది. ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"నాయనా, ఏంది ఈ పని? దీపాలు పెట్టినాక పరక పట్టుకుంటారా ఎవురన్నా?"

"ఇది చీపురు కాదమ్మా. మిషను."

"మిషనంటావేంది? మీ ఇంటామే పరకబండి అని సెప్పలా? పరకంటే పరకే. నిలిపేయ్ నాయనా. లచ్చిమి వచ్చే యాళ."

ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక అధ్యక్షుడు వచ్చాడు. చక్రాలు చూపించాను, బ్రష్షులు చూపించాను. లాన్ స్వీపర్ అనే మాట నాలుగుసార్లు అన్నాను. ఎవరి చెవికీ ఎక్కలేదు. "మా అమ్మ మాట కాదంటావాప్పా?" అన్నాడు అధ్యక్షుడు. బండి ఈడ్చుకుని ఇంటికి వచ్చేశాను.

అదే వారంలో, అదే దీపాల వేళ, గడ్డి కోసే మిషను పెట్రోలు పొగ కక్కుతూ పచ్చికంతా తిరిగింది. ఒక్కరూ మాట్లాడలేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ కొడవలిబండి అనలేదు.

సాయంత్రం లేదు కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టాను. ఆ వేళ ఊడ్చడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ అప్పుడు పచ్చిక మీద మంచు ఉంటుంది. తడి ఆకును బ్రష్షు ఎగరేయలేదు. ముద్దగా పిసికి తన ఒంటికే పూసుకుంటుంది. నిద్రగన్నేరు ఆకు చూడడానికి చింతాకులా ఉంటుంది, తడిస్తే జిగురు. వేళ్ళతో గీరి గీరి తీస్తుంటే బస్సు హారన్ వినిపించేది. చేతులకు ఆ పసరుతోనే ఎక్కి కూర్చునేవాణ్ణి. పొద్దెక్కి మంచు ఆరేసరికి నేను ఊరు దాటి ఉంటాను. ఎండిన ఆకును వాచ్‌మన్ ఊడ్చి కుప్ప పోసేవాడు. నేను వచ్చాక గొడవ ఎందుకని నేను రాకముందే కాల్చమన్నారట.

ఒకరోజు వాచ్‌మన్ని నిలదీశాను. పూతలపట్టు పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. నా కంటే పెద్దవాడు.

"నాకేం సరదానా సామీ? అమ్మ దగ్గేది నాకూ ఇనబడతా ఉండాది. సెప్పినోళ్ళు సెప్పినారు. కాల్సకపోతే నన్ను పొమ్మంటారు."

"ఆకును కాల్చకుండా అట్లాగే ఉంచు. ఆదివారం నేను తీస్తాను."

"ఆదివారందాకా ఆకు ఆగుతాదా సామీ?"

ఆగలేదు. ఆ ఏడు గాలి ఎక్కువ. చెట్లు మూడూ ఒకేసారి వదిలేశాయి. ఫోను రోజుకు ఒకసారి మోగేది కాస్తా రెండుసార్లు, మూడుసార్లు మోగడం మొదలుపెట్టింది. సెలవు అడిగితే మేనేజరు "ఆకులకు సెలవా?" అన్నాడు. అదీ నాకు గుర్తుంది.

ఒక శనివారం బస్సు దిగి సందు తిరిగేసరికి మాడిన బెల్లం వాసన వచ్చింది. పరిగెత్తాను. ఆమె మంచం మీద దిండ్లు ఒళ్ళో పెట్టుకుని, వాటి మీదికి వంగి కూర్చుని ఉంది. కిటికీలకు తడి దుప్పట్లు కట్టుకుంది. మందు పీల్చినా దిగడం లేదు. తెల్లారేదాకా పడుకోలేదు. పడుకుంటే ఊపిరి అందదని అలాగే వంగి కూర్చుంది. ఉదయం పూతలపట్టులో ఉండే మా బావమరిదికి ఫోన్ చేస్తే కారు వేసుకుని వచ్చాడు.

ఆ రోజు అధ్యక్షుడి మనవడి పుట్టినరోజు. సాయంత్రం పచ్చికలో విందు. పొద్దున్నే వాచ్‌మన్ ఆకు కుప్పలు పోయడం మొదలుపెట్టాడు. విందుకు ముందు దోమలు పోవాలని మూడు చోట్ల పొగ పెట్టమన్నారని చెప్పాడు. ఆమెను కారు దాకా నడిపించుకు వస్తుంటే ఆ మాట ఆమె కూడా విన్నది.

వెనక సీట్లో కూర్చోబెట్టి, సంచి లోపల పెట్టి, నేనూ ఒక కాలు లోపల పెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఊపిరికి ఒక మాట చొప్పున చెప్పింది.

"మీరు... రావద్దు. ఆకు... తీయండి. పొగ ఉంటే... ఇంటికి... రాలేను."

"అక్కా, బావ రాకుంటే ఎట్లా?" అన్నాడు బావమరిది.

ఆమె తల అడ్డంగా ఊపి తలుపు వేసుకుంది.

కారు సందు మలుపు తిరగడం చూశాను. తిరిగిన వెంటనే ఇంట్లోకి పోయి బండి తీసుకొచ్చాను. మంచు ఆరిపోయింది. ఆకు గలగలలాడుతోంది. వాచ్‌మన్ పోసిన కుప్పలను కాలితో చెదరగొట్టి, వాటి మీద బండి నడిపాను. సంచి నిండితే మా పెరట్లో జామచెట్టు కింద తవ్విన గుంతలో గుమ్మరించి, మళ్ళీ పరుగెత్తుకొచ్చాను. మూడో సంచికో నాలుగో సంచికో అరుపు వినబడింది.

"అయ్యో అయ్యో! నిలిపేయ్ నాయనా! ఇంట్లో మనిషి ఇప్పుడే గదా గడప దాటింది! వెనకాలే ఊడుస్తావా!"

అధ్యక్షుడి తల్లి మెట్లు దిగి చెప్పులు లేకుండా వస్తోంది.

"ఎవురు పోతే ఊడుస్తారో నీకు తెలీదా? నీకు తల్లి సెప్పలేదా?"

తెలుసు. మా నాయనను ఇంట్లోంచి మోసుకుపోయినప్పుడు పాడె వీధి మలుపు తిరగగానే మేనత్త పరక తీసుకుని లోపలి గది నుంచి వాకిలి దాకా ఊడ్చింది. ఆ పరకను అక్కడే పారేసింది. ఊరికి పోయే మనిషి వెనక ఊడవకూడదు, తిరిగి రావలసిన మనిషి వెనక అసలు ఊడవకూడదు. మా అమ్మ నేను బడికి పోయాక కూడా కొంతసేపు ఆగి కానీ పరక ముట్టుకునేది కాదు. అన్నీ తెలుసు. తెలిసే నెడుతున్నాను. ఆ చప్పుడు, సర్రు సర్రుమని, నా వెన్నులోకి ఎక్కుతోంది. అయినా ఆగలేదు. ఆగితే సాయంత్రానికి మూడు చోట్ల పొగ.

ఆడవాళ్ళు గుంపుగా చేరారు. "పెండ్లాన్ని అట్లా పంపించి ఇట్లా ఊడుస్తా ఉండాడే, ఈయన మనిషేనా?" అంది ఒకావిడ. అది మూలింటావిడ. అధ్యక్షుడు వచ్చి పిడి పట్టుకున్నాడు.

"నిలుపప్పా. మా ఇంట్లో శుభకార్యం పెట్టుకుని ఈ అపశకునం ఏంది?"

"చెయ్యి తియ్."

"నిలుపమంటా ఉంటే!"

వెనక్కి లాగాడు. వెనక్కి లాగితే ఆ బండి బ్రష్షులు తిరగవు. ముందుకు నెట్టాను. అతను లాగాడు, నేను నెట్టాను. ఇద్దరు పెద్దమనుషులం, ఆకు సంచి మధ్యలో. చివరకు ముసలావిడే కొడుకును చెయ్యి పట్టి పక్కకు లాగింది. "వాడికి మతి లేదురా. ఇడిసిపెట్టు," అంది. ఆమె ఏడుస్తోంది. నా మీద కోపంతో కాదు, నా భార్య కోసం.

ఎప్పటిదో పూలదారం ఇరుసుకు చుట్టుకుని బండి నిలిచిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళతో తెంపాను. వాళ్ళంతా చుట్టూ నిలబడి చూశారు. ఒక్కరూ కత్తెర తెచ్చివ్వలేదు.

మధ్యాహ్నానికి పచ్చిక అద్దంలా అయింది. సాయంత్రం పొగ పెట్టడానికి గుప్పెడు ఆకు లేదు. విందులో అందరినీ దోమలు కుట్టాయని తరవాత విన్నాను. కేకు అన్ని ఇళ్ళకూ పంచారు, మా గేటు ముందు నుంచే పళ్ళెం పట్టుకుపోయారు.

కానీ ఆమె ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. బావమరిది ఫోన్ చేశాడు. "బావా, గాలి పెట్టినారు. ఈడే ఉంచాలంట. నువ్వు రా," అన్నాడు. ఆటోలో కూర్చున్నాక నా చేతులు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో ఆకుపొడి. ఆస్పత్రిలో చేతులు ఎంత కడిగినా పోలేదు.

అద్దం తలుపు అవతల ఆమె, మూతి మీద ఆక్సిజన్ ముసుగుతో. నన్ను చూసి వేలితో నేల మీద ఊడుస్తున్నట్టు సైగ చేసింది. అయిందా అని. అయిందన్నట్టు తల ఊపాను. కళ్ళు మూసుకుంది. ఆ తరవాత ఎన్ని రోజులో నేను చెప్పలేను. కారిడార్‌లో ఇనుప కుర్చీ మీద కూర్చునేవాణ్ణి. వెనకాల ఊడిస్తే మనిషి తిరిగి రాదనేవి ఉత్త మాటలని నాకు తెలుసు. రోగం పొగ వల్ల వచ్చింది, పొగ పెట్టింది వాళ్ళు. ఇది లెక్క. కానీ డాక్టరు తలుపు తీసుకుని బయటికి వచ్చిన ప్రతిసారీ నా చెవిలో సర్రుమనే చప్పుడే వినబడేది. ఆస్పత్రి ఆయమ్మ పరక పట్టుకుని కారిడార్‌లోకి వస్తే లేచి ఆమెకు అడ్డం నిలబడ్డాను. "ఇప్పుడు వద్దమ్మా, కాసేపు ఆగి ఊడ్చు," అన్నాను. ఆమె నా ముఖం చూసి వెళ్ళిపోయింది. ఆ పని నా చేత చేయించారు వాళ్ళు. దాన్ని మాత్రం నేను ఎప్పటికీ క్షమించను.

బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు బెంచీ మీది మాటలు వినబడ్డాయి. "ఊడ్సేసినాడు గదక్కా. ఇంగ యాడ వస్తాది ఆయమ్మ." నేను ఉన్నానని తెలిసీ గొంతు తగ్గించలేదు.

ఆమె వచ్చింది. సగం మనిషై వచ్చింది. అధ్యక్షుడి తల్లి మా గేటు దగ్గర ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడి ఉంది. దిష్టి తీస్తూ చెప్పేసింది.

"తల్లీ, నువ్వు పోయిన రోజు మీ ఆయన సేసిన పనికి మా పానాలు పోయినాయి. కారు అట్లా తిరిగిందో లేదో, పరకబండి తీసినాడు."

నా భార్య నా వైపు చూసింది. ఇంట్లోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఊపిరి సర్దుకున్నాక అడిగింది.

"తియ్యమని చెప్పింది నేనే కదా."

"అవును."

"ఆ మాట వాళ్ళతో చెప్పలేదా?"

"చెప్తే నిన్ను అంటారు."

"ప్రతిదానికీ నోరేసుకుని పడతారే. దీనికి మాత్రం నోరు రాలేదా?"

కిటికీలోంచి చూశాను. మేము లేని రోజుల్లో పచ్చిక నిండా ఆకు మళ్ళీ పరుచుకుంది. మూలలో నల్లటి మచ్చ కొత్తగా ఉంది.

ఇప్పుడు ఆమెను పరీక్షలకు తీసుకుపోవలసిన రోజులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. ఆ రోజుల్లో నాకు సెలవు ఉంటుంది, ఆ సెలవుకు నేను పడే మాటలు వేరే కథ. ఆటో వచ్చి గేటు ముందు నిలుస్తుంది. ఆమె చీర కట్టుకుని, ఫైలూ మందూ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంటుంది. గడప దిగదు. ఆమె ఇంట్లో ఉండగానే పచ్చిక ఊడ్చడం అయిపోవాలి. ఆ తరవాతే బయలుదేరుతుంది. ఈ పద్ధతి ఆమే పెట్టింది, ఎవరూ నన్ను ఏమీ అనడానికి లేకుండా. నేను నమ్మను. కానీ ఆమె లేచి నిలబడిందేమోనని ప్రతి వరుస చివరా తిరిగి చూస్తాను.

మొన్న గాలి ఎక్కువగా ఉంది. ఒక కొస నుంచి ఊడ్చుకుంటూ వస్తుంటే రెండో కొసలో ఆకు పడుతోంది. బెంచీ మీద ముసలావిడ ఉంది. అధ్యక్షుడు ఫోన్లో మాట్లాడుతూ తిరుగుతున్నాడు. నన్ను చూసి అటు తిరిగాడు. ఆటోవాడికి ఓపిక అయిపోయింది.

"ఏమ్మా, పోదామా? డాక్టరు లేసి పోతాడు."

"ఆయనకి అయిపోనీ నాయనా," అంది.

"ఆయనకి అయ్యేట్టు లేదుమా. చెట్టు నిలపలేదు గదా."

పచ్చిక అవతలి కొస నుంచి కూడా ఆమె ఊపిరి వినబడుతోంది. లేదా వినబడుతోందని నాకు అనిపిస్తోంది. సంచి గుమ్మరించి వచ్చాను. వేప కింద మళ్ళీ పసుపుపచ్చగా పరుచుకుని ఉంది. చాలు, పోదాం అన్నట్టు ఆమె వైపు చెయ్యి ఊపాను. ఆమె లేవలేదు. వేలితో నేల మీద ఊడుస్తున్నట్టు చూపించింది.

బండి తిప్పి, మళ్ళీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టాను.